పెట్ట ఇంకా పెట్టలేదా?

సంక్రాంతి దగ్గరపడితే పుంజు పేరు ఊరంతా మోగుతుంది. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని రంగును బట్టి పేర్లు. ఏ రోజు పందెంలో ఏ రంగుది గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రం. తినడానికి బాదం, జీడిపప్పు, కైమా, పైన ఉడికించిన కోడిగుడ్లు. ఆ గుడ్లు పెట్టిన పెట్టకు మాత్రం నూకలూ తవుడూ! పెట్ట ఎప్పుడు గుడ్డుకొస్తుందో పసిగట్టే విద్యను ఎవరూ శాస్త్రంగా కట్టినట్టు నేను వినలేదు. అది మా గోదావరి జిల్లాల ఆడవాళ్ల చేతివేళ్లలోనే ఉండిపోయింది. నేను పెట్ట పక్షం. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

నాటు పెట్ట తొలిగుడ్డుకు ఆరేడు నెలలు పడుతుంది. కొన్ని ఎనిమిదో నెల దాకా మొండికేస్తాయి. ఈలోపు గోడ మీంచి పక్కింటావిడ పలకరింపు మొదలవుతుంది: "పెట్ట ఇంకా పెట్టలేదా?" పెళ్లయిన ఏడాదికే కోడలి గురించి ఆరా తీసే గొంతు అది. మా మేనత్త జవాబు ఎప్పుడూ ఒకటే. "దాని మొహం చూడు, తెలియడం లేదూ?"

మొహంలో చూడాల్సింది రంగు. నాలుగో నెలలో తురాయి చిన్నగా, పాలిపోయిన గులాబీ రంగులో ఉంటుంది. గుడ్డుకు దగ్గరపడేకొద్దీ తురాయీ చెంపలూ గడ్డం కింద వేలాడే తోలూ ఉబ్బి, పండుమిరపకాయలా ఎర్రబడతాయి. ఆ తర్వాత గొంతు మారుతుంది. పిల్ల కీచులు పోయి, ఎవరితోనో కబుర్లు చెబుతున్నట్టు సాగదీసి కొక్కిరిస్తూ మూలమూలా తిరుగుతుంది. పాత బుట్టలోకి తొంగిచూస్తుంది, ధాన్యం గాదె వెనక దూరుతుంది, గడ్డివామి అడుగున గీరుతుంది. పుంజు కూడా వెంట తిరిగి, ఓ మూల కూర్చుని గొణుగుతూ "ఇదిగో చోటు" అని చూపిస్తుంది. పుంజు చేసే పనుల్లో నాకు నచ్చినది ఇదొక్కటే. ఇక ఒకనాడు మనం వీపు మీద చెయ్యి వేయబోతే, పారిపోవడం మానేసి రెక్కలు కాస్త విప్పి నేలకు కూలబడుతుంది. అక్కడి నుంచి వారం, పదిహేను రోజుల్లో గుడ్డు.

ఇదంతా కళ్లున్న ఎవరైనా చూడగలిగేదే. చేతి పరీక్ష వేరు. సాయంత్రం గంపలు మూసే వేళ మేనత్త ఒక్కో పెట్టనూ చంకలో ఇరికించుకుని, తోక కింద ఉండే రెండు సన్నటి ఎముకల కొసల మధ్య వేళ్లు ఆనించేది. ఒక వేలే పడితే "ఇది ఇంకా పిల్లదే". రెండు పడితే "నేడో రేపో". మూడు పడితే అది పెడుతున్న పెట్ట, సందేహం లేదు. అక్కడితో ఆగకుండా కడుపు అడుగున అరచెయ్యి పెట్టి, గట్టిగా ఉండ తగిలితే రేపటి గుడ్డు లెక్క కట్టేసేది. పన్నెండు పెట్టలను చూసి "రేపు నాలుగురా" అనేది. ఓ దసరా సెలవుల్లో నేను పట్టుబట్టి తొమ్మిది రోజులు గోడ మీద బొగ్గుతో గీతలు గీశాను. ఒక్క రోజు తప్పింది. ఐదు చెబితే నాలుగే దొరికాయి. "అత్తా, ఓడిపోయావ్" అని ఊరంతా చాటాను. మూడు రోజుల తర్వాత గడ్డివామి వెనక ఆ ఐదో గుడ్డు కనబడింది. దాని పక్కన ఇంకో రెండు! నేటికీ మా ఇంట్లో ఆ కథ చెప్పి నన్ను ఏడిపిస్తారు.

ఆ లెక్క వెనక శరీరధర్మం ఉంది. కడుపులో ఒక గుడ్డు తయారవడానికి 25 గంటల పైచిలుకు పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకుకే. అందుకే ఈ రోజు ఎనిమిదింటికి పెట్టిన పెట్ట రేపు తొమ్మిది దాటాక పెడుతుంది, ఎల్లుండి ఇంకా పొద్దెక్కాక. అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాటే వేళకు వచ్చిందంటే ఓ రోజు సెలవు తీసుకుని మళ్లీ పొద్దున్నే మొదలు. మేనత్త బడికి వెళ్లలేదు. "నిన్న అంబలి వేళకు పెట్టింది, ఇవాళ అన్నం వేళకు, రేపు పెట్టదు" అని మాత్రం చెప్పగలిగేది.

పగటి వెలుతురుకూ ఇందులో వాటా ఉంది. పగలు పెరుగుతుంటే పెట్ట ఒళ్లు మేలుకుంటుంది, తరుగుతుంటే బద్ధకిస్తుంది. మన దగ్గర పగలు చలికాలంలో సుమారు 11 గంటలు, నడివేసవిలో 13 గంటలు. తేడా రెండు గంటలే అయినా పెట్టకు తెలుస్తుంది. టెక్సాస్‌లో ఉన్న మా మేనకోడలు పెరట్లో ఐదు కోళ్లను పెంచుతోంది. అక్కడ శీతాకాలపు పగలు ఇంకా పొట్టి. వేళ్ల లెక్క వచ్చినా, డిసెంబరంతా వీడియోలో కోళ్ల మొహాలు చూపించి "మామయ్యా, ఇవి ఎప్పుడు పెడతాయి?" అని నా ప్రాణం తీసింది.

మేపు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ధాన్యం దిట్టంగా పోసి కొవ్వెక్కిస్తే పెట్ట గుడ్డు పెట్టదు. తిరిగి గీరుకు తినాలి. పాత కుండలో పేడ, తడి గోనెపట్టా ముక్క, ఎండుపుల్లలు కుక్కి సాయంత్రం పుట్ట దగ్గర బోర్లిస్తే తెల్లారేసరికి కుండనిండా చెదలు. పెట్టకు అంతకన్నా విందు లేదు. పెంకు గట్టిపడటానికి దంచిన నత్తగుల్లలు చాలు. గుల్ల లేకపోతే తోలుగుడ్డు పెడుతుంది, అది పట్టుకుంటే చేతిలోనే జావ అయిపోతుంది.

గూడు చీకటి మూల ఉండాలి. తట్టలో ఎండుగడ్డి, అడుగున బూడిద, పేలు పట్టకుండా గుప్పెడు వేపాకు. గుడ్లన్నీ తీసేయకూడదు. ఒకటి ఉంచితే పెట్ట మళ్లీ అక్కడికే వస్తుంది. తొలిగుడ్డు చిన్నది, ఒక్కోసారి పెంకు మీద సన్నటి నెత్తుటి చార ఉంటుంది. అది పెట్టి బయటికొచ్చిన పెట్ట చేసే గోల వినాలి. వీధంతటికీ కబురు చేరిపోతుంది.

కోడి అడవిలోంచి వరి పండే తూర్పు దేశాల ఊళ్లలోకి వచ్చిందంటారు. అది పండితులు తేల్చుకునే విషయం. నాకు ముఖ్యమైనది పది, పదిహేను గుడ్ల తర్వాత జరిగేది. పెట్ట ఒంటికి వేడి పుట్టి, ఈకలు నిక్కబొడిచి, కుర్రుకుర్రుమంటూ గుడ్ల మీద కూర్చుంటుంది. పదకొండో పదమూడో గుడ్లు పెట్టి, పిడుగు చప్పుడుకు మురగకుండా ఓ ఇనుపముక్కా బొగ్గూ పక్కన పెడతారు. ఇనుము పనిచేస్తుందో లేదో గానీ తీసేసే ధైర్యం నాకూ లేదు. ఏడో రాత్రి గుడ్డును దీపానికి అడ్డంగా పెడితే లోపల సాలీడు కాళ్లలాంటి నెత్తుటి నరాలు. నరాలు లేని గుడ్డు తీసేయాలి, లేకపోతే మురుగుతుంది. ఇరవై ఒకటో రోజుకు పిల్లలు. పొదిగే యంత్రానికి కరెంటు, 37.5 డిగ్రీల కొలత, గుడ్లు తిప్పే మోటారు కావాలి. పెట్టకు రోజుకోసారి కాసిన్ని గింజలూ నీళ్లూ చాలు. మేనత్త ఓసారి కోడి కింద బాతుగుడ్లు వేసింది. ఆ పెట్ట వారం ఎక్కువే కూర్చుని, 28 రోజులకు తొమ్మిది బాతుపిల్లలను లేపింది. అవి కాలవలోకి దిగి ఈదుతుంటే గట్టు మీద దాని ఆక్రందన ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇప్పుడు కడుపుమంట సంగతి. ఫారం కోడి 18, 19 వారాలకే పెడుతుంది. ఏడాదికి 300 దాటిస్తుంది. నాటు పెట్ట 50, 60 పెట్టి నెలలకు నెలలు పిల్లలతో తిరుగుతుంది. లెక్క ప్రకారం ఓడిపోయింది మా పెట్టే. కానీ ఆ ఫారం కోడికి పంజరంలో దక్కే చోటు ఓ వారపత్రిక పేజీ అంత. పొదగడమంటే ఏమిటో దాని జాతికే మరపించారు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ మంచివే, గుడ్లు ఎక్కువే పెడతాయి. కాదనను. కానీ పొదగడం వాటికి అంతగా పట్టదు. పిల్లలు కావాలంటే మళ్లీ హేచరీకే పరుగెత్తాలి. పెరట్లో తనంతట తాను తిరిగే చక్రం తెగిపోయిందన్నమాట. ఉన్న నాటు కోళ్లు కొక్కెర తెగులుకు గంపలకు గంపలు పోతుంటే, పశువైద్యశాలలో టీకా ఉందని తెలిసీ అడుగు కదపం.

ఇంతకన్నా దుర్మార్గం మోసపు గుడ్డు. నగరంలో రోడ్డు పక్కన "నాటు గుడ్లు" అంటే రెండింతల ధరకు కొన్నాను. ఉడకేస్తే నీళ్లు టీ డికాక్షన్‌లా దిగాయి, గుడ్లు తెల్లబడ్డాయి! ఫారం గుడ్డుకు రంగు పూశారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పది పెరళ్ల నుంచి ఏరిన నాటు గుడ్లు ఒక్క రంగులో, ఒక్క సైజులో ఉండవు. ఒకటి మీగడ రంగు, ఒకటి లేత గోధుమ, ఒకటి పొడుగు, ఒకటి గుండ్రం. ముప్ఫై గుడ్లూ అచ్చుపోసినట్టుంటే ఆ ట్రే అక్కడే వదిలేయండి.

పెరళ్లకు సిమెంటు పోశాం, గడ్డివాములు పోయాయి, గంప అల్లేవాళ్లు ఒక్కొక్కరే మానేస్తున్నారు. మేనత్త పోయి పదేళ్లయింది. ఆ మూడు వేళ్ల లెక్క మా ఇంటి ఆడపిల్లల్లో ఆ మేనకోడలికి ఒక్కదానికే వచ్చు, ఆమె కూడా టెక్సాస్‌లో ఉంది. అయినా ఊళ్లో ఇంకా పెట్టలున్నాయి గనక అడుగుతున్నాను. ఇంటికి చుట్టం వచ్చాడని ఆరు నెలల పెట్టను పట్టుకున్నప్పుడు ఒక్కసారి దాని మొహం చూడండి. తురాయి ఎర్రబడి ఉంటే వదిలేసి, ఆ పూటకు ఓ పుంజును కొయ్యండి.