వర్షర్తువున గిరిమార్గము: కావ్యదృష్టి, యాత్రికదృష్టి

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను చరిత్రకారులు విరివిగా వాడుకొనుచున్నారు. సాహిత్యవిమర్శకులు మాత్రము దానిని ఆధారగ్రంథముగా గౌరవించి ప్రక్కన నుంచుటయే ఎక్కువ. గ్రంథమున వర్ణన లేదనునది తరచుగా వినవచ్చు ఆక్షేపము. వానకాలమంతయు కొండలును అడవులును దాటుచు సాగిన వాడు ఆ కొండలను, ఆ మేఘములను రసవంతముగా నేల వర్ణింపడని ప్రశ్న. ఇది లోపమా, లేక వేరొక దృష్టికి లక్షణమా యని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట మన కావ్యసంప్రదాయమున వర్షర్తువునకును ప్రయాణమునకును గల సంబంధమును గుర్తింపవలెను. అది పొత్తు గాదు, విరోధము. కిష్కింధాకాండమున శ్రీరాముడు ప్రస్రవణగిరిపై వానకాలమంతయు నిలిచిపోవును. రాజుల దండయాత్రలు ఆగుటను వాల్మీకి ఆ ఋతువునకు లక్షణముగా చెప్పినాడు. సీతాన్వేషణమంతటి కార్యమే శరత్తు వచ్చువరకు వేచియుండవలసి వచ్చెను. యతులకు చాతుర్మాస్యనియమ మేర్పడుటయు ఈ లోకానుభవమునకు అనుగుణమైనదే.

మేఘదూతమున ప్రయాణము కలదు గదా యని శంక కలుగవచ్చును. కలదు, కాని ప్రయాణించునది మనుష్యుడు గాదు. యక్షుడు శాపవశమున రామగిరిపై నిలిచియుండును. కదలునది మేఘము. దానికి బురద లేదు, వాగు అడ్డము గాదు. ఆమ్రకూటముపై విశ్రమించి, వింధ్యపాదమున పాయలుగా చీలి పారు రేవానదిని అది పైనుండి చూచును. నది చిత్రరేఖవలె అందముగా కనుపట్టుట ఆ యెత్తునుండి చూచుటచేతనే. ఒడ్డున నిలిచి పడవకై ఎదురుచూచువానికి ఆ రూపము కానరాదు.

ఆముక్తమాల్యద మరింత విచారింపదగినది. చతుర్థాశ్వాసమందలి వర్షర్తువర్ణనలో కృష్ణదేవరాయలు ఆకాశముతో తృప్తిపడక ఇండ్లలోనికి దిగి, నిప్పు దొరకని ఇక్కట్టును, తడికట్టెల పొగను చూపినాడు. ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుడు వానకాలమున వచ్చిన అతిథులకు, కట్టెలు తడిసియుండగా టెంకాయచిప్పలతో వంట చేయించి, వేడియన్నము పెట్టించును. ఇచట బాటసారి కలడు. కాని అతడు గడపలో అడుగుపెట్టిన పిదపనే మనకు కనబడును. కవి అతని ఆకలిని ఎరుగును, భోజనమును వర్ణించును. అతడు నడచివచ్చిన దారి మాత్రము కావ్యమునకు వెలుపలనే యుండును. ప్రబంధము బాటసారిని గడప నుండి చూచినదని మా యభిప్రాయము.

ఈ వెలుపలి దారియే వీరాస్వామయ్యగారి గ్రంథమునకు వస్తువైనది. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసిగా నుండిన ఆయన 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరెను. పోవునప్పుడు అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నిర్మల, నాగపురము, జబ్బల్పూరు మార్గమున సాగెను. అనగా నల్లమల నుండి నర్మద దాటువరకు గల కొండదారిలో అధికభాగము వానకాలముననే నడచినది. మార్గమధ్యమునుండి కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపిన వృత్తాంతమే 1838లో గ్రంథముగా అచ్చయినది.

ఆయన రచనాపద్ధతిని గమనింతము. ఊరి పేరు, ఆమడల లెక్క, దారి తీరు, నేల రేగడియో రాతినేలయో, నీటి వసతి, అంగళ్లు, దిగుటకు తావు: ఇవి మజిలీ మజిలీకి వచ్చుచుండును. చదువరికి ఇది విసుగు కలిగించు జాబితాగా తోచవచ్చును. కాని ఋతువును మనసున నుంచుకొని చదివినచో ఆ జాబితాయే వర్షవర్ణన యగును. రేగడి యనుమాటకు వేసవిలో ఒక యర్థము, శ్రావణమున వేరొక యర్థము. దిగుటకు తావు కలదనిన, తడిసిన పరివారమునకు ఆ రాత్రి పొడినేల దొరికినదని యర్థము. విష్ణుచిత్తుని యింటి గడపను బాటసారి వెలుపలినుండి వెదకుచున్న స్థితి యిది.

నాగపురమునుండి జబ్బల్పూరు పోవు మార్గమునకు సమీపముననే రామటెక్కు కలదు. మల్లినాథుడు రామగిరిని చిత్రకూటముగా వ్యాఖ్యానించినను, మిరాశీ మున్నగు పండితులు రామటెక్కునే రామగిరిగా నిర్ణయించిరి. ఈ మతము నంగీకరించినచో, యక్షుని మేఘమును మన తెలుగు యాత్రికుడును ఒకే సీమనుండి, ఒకే ఋతువున, ఉత్తరముగా సాగి నర్మదను దాటినవారగుదురు. ఒకరికి ఆ నది క్రింద కనబడు శోభ. వేరొకరికి ఎదుట నిలిచిన ప్రవాహము. ఈ రెండింటిలో ఒకటి సాహిత్యము, రెండవది సమాచారము అని విభజించుట న్యాయము గాదు. ఒకటి ఆకాశపు సత్యము, రెండవది నేల సత్యము.

అయినను ఈ గ్రంథమును అతిగా పొగడుట మా ఉద్దేశము గాదు. వీరాస్వామయ్యగారు పల్లకిలో ప్రయాణించిరి. బురదలో దిగబడినవి, రాళ్లపై జారినవి బోయీల పాదములు. దారి కష్టమును ఆయన చాలవరకు ఇతరుల భుజముల మీదుగా ఎరిగినవాడు. ప్రబంధకవి గడప నుండి చూచినచో, ఈయన పల్లకి నుండి చూచెను. ఆ పల్లకిని మోసినవారి మాటలలో ఆ వానకాలము మనకు దక్కలేదు. ఈ కొరతను చెప్పక గ్రంథమును మెచ్చుకొనుట విమర్శ యనిపించుకొనదు.

కావున పరిశోధకవిద్యార్థులకు మా మనవి యొక్కటే. ఈ గ్రంథమున వర్ణనలను వెదకి లేవని నిరాశపడుటకు మారుగా, ప్రతి మజిలీని దాని మాసముతో జోడించి చదువుడు. పొడిగా తోచిన వాక్యములు తడియుట అప్పుడు తెలియును. పిమ్మట ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమును మరల చదివినచో, ఆ వేడియన్నమునకు ముందు అతిథి ఎంత దూరము తడిసి వచ్చెనో కూడ మనకు స్ఫురింపగలదు.