విషాదానంతర తరగతి గది: ఉపాధ్యాయుని ఓదార్పు భాష – పోతన సాందీపని ఘట్టం ఆధారంగా ఒక పరిశీలన

తెలుగు సాహిత్యంలో ఓదార్పు ఘట్టాలకు కొదవ లేదు. ద్రోణపర్వంలో అభిమన్యుని మరణానంతరం ధర్మరాజును వ్యాసుడు ఓదారుస్తాడు. స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుని విదురుడు ఊరడిస్తాడు. శాంతిపర్వమంతా ఒక విధంగా యుద్ధానంతర సాంత్వనమే. ఇవన్నీ తిక్కన చేతి మీదుగా తెలుగువారికి అందినవి. ఈ ఘట్టాలలో ఓదార్పు పొందేవాడు వయోజనుడు, చాలా తావుల రాజు. ఓదార్చేవాడు ఋషి లేదా జ్ఞాని. ఓదార్పుకు సాధనం తత్త్వం: పుట్టినవానికి చావు తప్పదు, ఎంతటి రాజులైనా పోయినవారే, దుఃఖించి ప్రయోజనం లేదు. ఈ మాటలు ఎంత గొప్పవైనా, పదేళ్ల పిల్లవానికి చెప్పదగినవి కావు. నిన్నటిదాకా తన పక్కన కూర్చున్న స్నేహితుడు ఈ రోజు లేడన్న సంగతి ఆ పిల్లవానికి ఎవరు, ఏ మాటలతో చెప్పాలన్న ప్రశ్నకు మన ప్రబంధ, పురాణ వాఙ్మయం నేరుగా సమాధానమివ్వదు.

దీనికి కారణం కరుణరస నిర్వహణలోనే ఉన్నది. బిడ్డ మరణం తెలుగు కావ్యంలో తల్లిదండ్రుల దుఃఖంగానే రూపొందింది. లోహితాస్యునికై చంద్రమతి, అభిమన్యునికై సుభద్రార్జునులు విలపిస్తారు. పుత్రశోకానికి పేరున్నది, పద్యమున్నది, రంగస్థలంపై రాగమున్నది. సహాధ్యాయి శోకానికి పేరు లేదు. అభిమన్యునితో కలిసి విద్యలు నేర్చిన ఈడువారు ఉపపాండవులు. అతడు పోయిన రాత్రి వారి మనఃస్థితిని భారతకథ తన వర్ణ్యవిషయంగా చేసుకోలేదు. ఇది కవుల లోపమని చెప్పడం తొందరపాటవుతుంది. బాల్యాన్ని శోకానికి ఆశ్రయంగా భావించే దృష్టి ఆ కాలపు అలంకారశాస్త్రంలో లేదన్నంత వరకే చెప్పవచ్చు.

కావ్యభాషలో లేనిది వాడుకలో ఉన్నది. పిల్లల దుఃఖానికి గోదావరి మండల వ్యవహారంలో ‘బెంగ’ అన్న మాట ఉన్నది, భయానికి ‘జడుపు’, ‘దడుపు’ ఉన్నాయి. ‘బెంగ పెట్టుకున్నాడు’ అన్నప్పుడు పిల్లవాడు అన్నం మానడం, ఆటకు పోకపోవడం, గుమ్మంవైపు చూస్తూ కూర్చోవడం స్ఫురిస్తాయి. ‘జడుసుకుంది’ అన్నప్పుడు రాత్రి ఉలికిపడి లేవడం, ఒళ్లు కాలడం తెలుస్తాయి. శోకం విలాపంగా, అంటే మాటగా, వెలువడుతుంది. బెంగకు మాట లేదు, శరీరంలో కనబడుతుంది. మరణించినవారి ఇంటికి పోయి పరామర్శించడాన్ని ‘పలకరింపు’ అనడం కూడా గమనించదగినది. అక్కడ చెప్పే మాట కన్నా పిలిచి పలకడమే ముఖ్యమన్న ఎరుక ఆ పదంలో ఉన్నది. ఆధునిక మనస్తత్త్వశాస్త్రం లక్షణాలుగా పట్టికలు వేసిన వాటిలో కొన్నింటిని ఈ మూడు నాలుగు మాటలు ముందే పట్టుకున్నాయి. అయితే బడి ఈ మాటలను తనవి చేసుకోలేదు. విషాదం జరిగిన మరునాటి ప్రార్థనా సమావేశంలో వినబడేది ‘ప్రగాఢ సంతాపం’, ‘ఆత్మకు శాంతి’, ‘తీరని లోటు’ అన్న సభాభాష. రెండు నిమిషాల మౌనం తరువాత తరగతులు మొదలవుతాయి, లేదా సెలవు ప్రకటిస్తారు. సెలవు అవసరమే. కాని బెంగ పట్టిన పిల్లవానికి సెలవు అంటే, తనలాగే బెంగ పట్టిన తోటివారికి దూరం కావడం కూడా.

‘ఏమీ కాదు’ అన్న వాక్యం

2018 జూలై 14, శనివారం. అప్పటి తూర్పు గోదావరి జిల్లా ఐ. పోలవరం మండలం పశువుల్లంక వద్ద, బడి నుండి ఇళ్లకు మరలుతున్న పిల్లలు ఎక్కిన పడవ నిర్మాణంలో ఉన్న వంతెన దిమ్మెను తాకి గౌతమీ పాయలో బోల్తా పడింది. గల్లంతైనవారిలో అధికులు బడి పిల్లలే. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 జూలై 24న, మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు ఢీకొన్నది. రెండు చోట్లా విషాదం జరిగినది తరగతి గదిలో కాదు, బడికీ ఇంటికీ మధ్య దారిలో. బడి బాధ్యత ఏ గుమ్మం దగ్గర ముగుస్తుందన్న ప్రశ్నను ఈ దారి ముందుకు తెస్తుంది.

ఇటువంటి ఘటనలపై వెలువడే కథనాలకు ఒక స్థిరమైన నిర్మాణం ఏర్పడింది. గాలింపు, మృతుల సంఖ్య, నాయకుల పరామర్శ, పరిహారం, విచారణ. బయటపడిన పిల్లలు మొదటి రోజు ప్రత్యక్ష సాక్షులుగా కనిపించి, తరువాత కథనం నుండి తప్పుకుంటారు. వారు మళ్లీ కనిపించే చోటు తరగతి గది. అక్కడ వారి ఎదుట నిలబడేది ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయిని. వారి చేతిలో ఉన్న హాజరు పట్టీలో ఆ పేరు ఇంకా ఉంటుంది. దానిని పిలవాలా, దాటవేయాలా అన్నది చిన్న ప్రశ్న కాదు. పట్టీలో తరువాతి పేరు గల పిల్లవాడు ఆ క్షణానికై ఎదురుచూస్తూ ఉంటాడు.

తెలుగులో పిల్లలకు చెప్పే ధైర్యవచనాలలో మొదటిది ‘ఏమీ కాదు’. పడి మోకాలు గీసుకున్నా, ఉరుము ఉరిమినా, సూది వేయించుకోవలసి వచ్చినా పెద్దల నోట ముందు వచ్చే మాట ఇదే. వ్యాకరణరీత్యా ఇది భవిష్యత్తును గురించిన నిషేధం, వ్యవహారంలో ఒక హామీ. మామూలు రోజులలో దాని సత్యాసత్యాలను ఎవరూ తరచి చూడరు. పశువుల్లంక వంటి చోట ఈ వాక్యం చెల్లదు. అయినది కళ్లముందున్నది. పైగా లంక గ్రామాల పిల్లలు మరునాడో, వారం తరువాతో అదే పాయను దాటి బడికి రావాలి. ‘ఏమీ కాదు, పడవ ఎక్కండి’ అన్న ఉపాధ్యాయుని మాట అబద్ధమయ్యే అవకాశమున్నదని పిల్లలకు తెలుసు. ఒకసారి ఆ మాటపై నమ్మకం పోతే, లెక్కల గురించి ఆయన చెప్పేదాని మీద కూడా నీడ పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స కరదీపిక చూడు, విను, జోడించు అన్న మూడు క్రియలను సూత్రాలుగా నిలిపింది, నెరవేర్చలేని హామీలు ఇవ్వవద్దని హెచ్చరించింది. జరిగినదంతా ఒక్క కూర్పులో బలవంతంగా చెప్పించడం మేలు చేయదని కూడా ఆ రంగంలోని పరిశోధన తేల్చింది. ‘ఏమీ కాదు’ స్థానంలో ఏ వాక్యం నిలవాలన్న ప్రశ్నకు ఏ కరదీపిక అయినా పాక్షికంగానే బదులివ్వగలదు. మిగిలిన భాగం భాషకూ సాహిత్యానికీ సంబంధించినది.

రాలిన మొగ్గ

సంతాపభాషలో అతి వాడుకకు గురైన రూపకం ‘రాలిన మొగ్గ’. మొగ్గలోనే వాడిపోయారు, పసిమొగ్గలను విధి చిదిమేసింది అన్న వాక్యాలు లేని సంతాప వ్యాసం అరుదు. ఈ రూపకాన్ని కడియం ప్రాంతపు బడిలో నిలిపి చూస్తే దాని బోలుతనం బయటపడుతుంది. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు గ్రామాలలో నర్సరీలు ప్రధాన జీవనాధారం. అంట్లు కట్టడం, కవర్లలో మట్టి నింపడం, నారు మార్చడం చూస్తూ పెరిగిన పిల్లలు అక్కడి బడులలో కూర్చుంటారు. కడియపులంక పూలసంత నుండి పెళ్లిపందిళ్లకూ శవపేటికలకూ ఒకే చామంతి, ఒకే బంతి వెళుతుందని వారికి తెలుసు. మొక్క ఎందుకు చస్తుందో కూడా తెలుసు: నీరు నిలిచింది, వేరు కుళ్లింది, పురుగు పట్టింది, మార్చేటప్పుడు మట్టిగడ్డ విరిగింది. నర్సరీలో మొక్క ‘విధివశాత్తు’ చావదు. కారణం వెదికి, మిగిలిన మొక్కలను జరిపి, మందో నీరో సరిచేస్తారు.

‘రాలిన మొగ్గ’ చేసే పని ఇందుకు విరుద్ధం. అది మరణాన్ని సహజదృశ్యంగా మార్చి కారణాన్ని చెరిపివేస్తుంది. కాపలా లేని గేటు, నది మధ్య దిమ్మె, పడవలో జనసంఖ్య ఆ రూపకంలో ఇమడవు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడికి నిప్పంటుకొని 94 మంది పిల్లలు మరణించినప్పుడు కారణాలు పైకప్పులో, ఇరుకు మెట్లలో ఉన్నాయి. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ‘ఎందుకు’. దానికి మొగ్గల మాటతో బదులిస్తే అడగరాని ప్రశ్న అడిగామేమోనన్న సంకోచం వారిలో మిగులుతుంది. తమ వల్లనే జరిగిందేమో, తాను పక్కకు జరిగి చోటిచ్చి ఉంటే బతికేదేమో అన్న ఊహ ఆ సంకోచంలోనే బలపడుతుంది. కారణం చెప్పడం పిల్లలను భయపెట్టడమని పెద్దలు భావిస్తారు. చాలా సందర్భాలలో కారణం తెలియకపోవడమే వారిని ఎక్కువ భయపెడుతుంది.

సాందీపని వెదకి రావడం

పోతన భాగవతం దశమస్కంధం ఉత్తరభాగంలో, కుచేలోపాఖ్యానం మధ్య ఒక జ్ఞాపకం వస్తుంది. సాధారణంగా ఈ ఘట్టాన్ని అటుకుల కథకు ఉపోద్ఘాతంగా దాటివేస్తారు. కృష్ణుడు కుచేలునికి గురుకులపు రోజులను గుర్తుచేస్తాడు. గురుపత్ని పంపగా కట్టెలకోసం అడవికి పోయిన శిష్యులు గాలివానలో చిక్కుకుంటారు. చీకటి పడుతుంది. పల్లమూ మెరకా తెలియకుండా నీరు నిండుతుంది. దారి తెలియక ఒకరి చేయి ఒకరు పట్టుకొని తిరుగుతారు. సూర్యోదయ వేళకు సాందీపని వారిని వెదుకుతూ వస్తాడు. తమ కోసం మీరింత కష్టపడవలసి వచ్చిందే అని వాపోయి, దీవిస్తాడు. తుఫానులు ఎరిగిన గోదావరి డెల్టా పాఠకునికి ఈ వాన కావ్యవర్ణన మాత్రమే కాదు.

ఓదార్పు భాషగా ఈ ఘట్టంలో మూడు అంశాలు గమనించదగినవి. ఓదార్పుకు ముందు నడక ఉన్నది. గురువు ఆశ్రమంలో కూర్చొని శిష్యులు రాగానే ధైర్యం చెప్పలేదు, తానే వెదుక్కుంటూ పోయాడు. వ్యాసుడూ ధర్మరాజు వద్దకు వస్తాడు, కాని ఆయన రాక జ్ఞానోపదేశానికి. సాందీపని రాక పిల్లలు ఎక్కడున్నారో చూడడానికి. రెండవది, ఆయన మొదటి మాట తత్త్వం కాదు, వారు పడిన కష్టానికి గుర్తింపు, దానికి తామే కారణమన్న ఒప్పుకోలు. పంపినది గురుపత్ని అయినా గురువు ఆ భారాన్ని తనదిగా చెప్పాడు. మూడవది, ఈ మాటలు మనకు చేరినది గురువు నోటి నుండి కాదు, ఏండ్లు గడచిన తరువాత ఒక శిష్యుడు మరొక శిష్యునితో ‘గుర్తున్నదా’ అని అడిగిన సందర్భంలో. సహాధ్యాయి శోకానికి పేరు లేని సాహిత్యంలో సహాధ్యాయి జ్ఞాపకానికి దొరికిన అరుదైన చోటు ఇది.

మరొక సంగతి ఉన్నది. అదే దశమస్కంధపు పూర్వభాగంలో, విద్య ముగిసిన శిష్యులను సాందీపని దంపతులు గురుదక్షిణగా కోరినది ప్రభాసతీర్థంలో సముద్రం పాలైన తమ కుమారుని. కృష్ణుడు యమపురికి పోయి అతనిని తెచ్చి ఇస్తాడు. ఈ రెండు ఘట్టాలను పోతన ఒకచోట చేర్చలేదు, ఏది ముందో కావ్యం స్పష్టం చేయదు. రెంటినీ కలిపి చదివే పాఠకునికి, వానలో పరుల బిడ్డలను వెదికే ఆ గురువు నీటిలో బిడ్డను పోగొట్టుకున్న తండ్రిగా కూడా కనిపిస్తాడు. ఉపాధ్యాయుడు పైనుండి ఓదార్చేవాడు కాదు, తానూ దెబ్బతిన్నవాడే. విషాదానంతర బడులలో ఈ విషయమే ఎక్కువగా మరుగున పడుతుంది. శవాలను గుర్తించడానికి పిలిచేది, తల్లిదండ్రుల కోపాన్ని మొదట ఎదుర్కొనేది, సోమవారం నాడు పాఠం మొదలుపెట్టవలసినది ఒకే వ్యక్తి.

ఈ ఘట్టాన్ని ఆదర్శంగా నిలపడంలో ఒక ప్రమాదమూ ఉన్నది. సాందీపని తన ఒప్పుకోలును వెంటనే ప్రశంసగా మారుస్తాడు. గురువుకోసం దేహాన్ని లెక్కచేయకపోవడమే శిష్యుల ఋణవిముక్తి అంటాడు. బాధ్యత అంగీకరించిన నోరే బాధను పుణ్యంగా చేసింది. గురుకుల వ్యవస్థలో అది సహజం, ఆధునిక బడిలో కాదు. ప్రమాదంలో పోయిన పిల్లలను వీరులుగా, త్యాగమూర్తులుగా కీర్తించే స్మారక ప్రసంగాలలో ఈ మార్పే పునరావృతమవుతుంది. ఆ పిల్లలు దేనికోసమూ త్యాగం చేయలేదు. బడి నుండి ఇంటికి పోతున్నారు. పైగా సాందీపని శిష్యులు బతికి బయటపడ్డవారు, గురుపుత్రుడు తిరిగి వచ్చినవాడు. భాగవతంలో తిరిగిరాని పిల్లవాని స్థలం ఖాళీగా ఉండిపోలేదు.

ఆ ఖాళీ ఎదుట ఉపాధ్యాయుడు ఎలా నిలబడతాడో చూడాలంటే ‘రైలుబడి’ పేరుతో తెలుగు పాఠకులకు సుపరిచితమైన తెత్సుకో కురోయనాగి గ్రంథం చూడవచ్చు. 1981లో జపానులో వెలువడిన ఈ పుస్తకంలో పోలియో సోకిన యాసుయాకి అనే బాలుడు మరణిస్తాడు. ప్రధానోపాధ్యాయుడు కొబయాషి పిల్లలందరినీ సమావేశపరచి, యాసుయాకి చనిపోయాడని, అందరూ అంత్యక్రియలకు వెళుతున్నామని చెబుతాడు. ‘వెళ్లిపోయాడు’, ‘దేవుని దగ్గరకు పోయాడు’ వంటి మాటల చాటు వెదకడు. మీ అందరికీ అతడంటే ఇష్టమని తెలుసు, తనకూ ఎంతో దుఃఖంగా ఉన్నదని చెప్పబోయి, కన్నీళ్లు వచ్చి, అంతకుమించి మాట్లాడలేకపోతాడు. తరువాత పిల్లలు ఒక్కొక్కరూ శవపేటికలో పూవు ఉంచుతారు. సభాభాషలో లోటుగా కనిపించేది, అంటే మాట ఆగిపోవడం, ఇక్కడ ఓదార్పుగా పనిచేస్తుంది. పెద్దవాడు ఏడవగలడని, ఏడ్చిన తరువాత కూడా తమను చేయిపట్టుకొని తీసుకుపోగలడని పిల్లలు చూశారు.

తెలుగు అనువాదం ఎంతో మంది ఉపాధ్యాయుల చేతికి చేరినప్పటికీ, ఈ అధ్యాయంపై జరిగిన చర్చ స్వల్పం. రైలుపెట్టెల తరగతి గదులూ, ఆటపాటల బోధనా పద్ధతులూ ఆకర్షించినంతగా ఈ నాలుగు వాక్యాల ప్రసంగం ఆకర్షించలేదు. ఉపాధ్యాయ శిక్షణ పాఠ్యప్రణాళికలోని భాషాబోధన విభాగంలో వ్యాసలేఖన, సభానిర్వహణ, సన్మానపత్ర రచనలకు చోటు దొరుకుతున్నది. ఒక పిల్లవాని మరణాన్ని మిగిలిన పిల్లలకు తెలుగులో ఎలా చెప్పాలన్నది అక్కడ పాఠ్యాంశం కాదు. తెలుగు శాఖలు ఈ పనిని మనస్తత్త్వశాస్త్రానికి వదిలివేయనవసరం లేదు. ‘చనిపోయాడు’, ‘పోయాడు’, ‘కాలం చేశాడు’, ‘ఇక లేడు’ అన్న నాలుగు మాటలలో ఏడేళ్ల పిల్లకు ఏది అర్థమవుతుంది, ఏది ఆమెను సాయంత్రం దాకా గుమ్మం దగ్గర కూర్చోబెడుతుంది అన్నది మొదట భాషాప్రశ్న.