తీర్మానం రాసే చేయి

డ్వాక్రా మాటెత్తితే ఎవరైనా ముందు బ్యాంకు లింకేజీ ఎంత వచ్చిందనే అడుగుతారు. నాకు మాత్రం వచ్చిన డబ్బును సంఘంలో పంచుకునే తీరే గొప్పగా కనిపిస్తుంది. ఒకామెకు కూతురి కాన్పు ఖర్చు, ఇంకొకామెకు గేదె. ఎవరికి ముందివ్వాలో పదిమందీ వాదించుకుని తేల్చాలి. తేలాక మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి సంతకాలు పెట్టాలి. పొదుపు సంఘానికి ప్రాణం ఆ వాదనలోనే ఉంది.

నిజాంపట్నం హార్బరును నమ్ముకున్న ఊళ్లనే చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో మరపడవల వేట నిషేధం. మగవాళ్లకు వేట లేకపోతే చేపల బుట్ట ఎత్తే ఆడవాళ్లకూ బేరం ఉండదు. తెనాలి చుట్టుపక్కల పొలం పనులకు వెళ్లేవాళ్లకు నాట్లప్పుడు, కోతలప్పుడు చేతినిండా కూలి, మధ్యలో ఖాళీ. మైక్రోఫైనాన్స్ సంస్థలిచ్చే వారం వాయిదాల అప్పుకు ఈ సంగతులేవీ పట్టవు. వాయిదా రోజుకు డబ్బు అందకపోతే పక్కింటామెనే పూచీ కింద నిలదీస్తారు. ఇన్నాళ్ల స్నేహం అక్కడితో సరి. ఆ ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారన్న వార్తల మధ్యే 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్లకు కళ్లెం వేసింది.

సంఘం సొంత పొదుపులోంచి ఇచ్చే అప్పు అలా కాదు. వేట మొదలయ్యాక కడతానంటే ఆగగలరు, ఎందుకంటే ఆ అప్పిచ్చినవాళ్లకూ అదే సముద్రం ఆధారం. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. సున్నా వడ్డీ కావాలంటే గడువు తప్పకూడదు. అందుకే సొంత పొదుపు పెద్దదిగా ఉన్న సంఘమే గట్టి సంఘమని నా నమ్మకం.

నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. కొన్నిచోట్ల మీటింగే జరగదు. ఒకరు ఇంట్లో కూర్చుని తీర్మానం రాసేస్తారు, సంతకాలు తర్వాత ఇల్లిల్లూ తిరిగి పెట్టిస్తారు. అప్పు సభ్యురాలి పేరున ఉంటుంది, డబ్బు ఇంటాయన చేతికి పోతుంది, బాకీ తీర్చే బాధ్యత మళ్లీ ఆమెదే. బాపట్ల, రేపల్లె వైపు సంఘాలను చూడటానికి వెళ్లే అధికారులు వసూళ్ల శాతంతో పాటు మినిట్స్ పుస్తకం కూడా తెరవాలి. ఈ అప్పు ఎవరడిగారు, ఎవరు వద్దన్నారు, చివరికి ఎందుకిచ్చారని సభ్యులనే అడగాలి. వాదన జరిగిన సంఘంలో ఆ సంగతి నలుగురైనా చెప్పగలుగుతారు.