చెయ్యెత్తితే ఆపాలా

ఈ వారం నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. పెంబర్తి దాటాక రోడ్డు పక్కన కారు ఆపుకొని, ఆడమనిషినీ చంటిపిల్లనూ ముందు నిలబెట్టి చెయ్యెత్తుతారట. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదట. కింద పోలీసు శాఖ హెచ్చరిక అని రాసి ఉంది గానీ ఏ స్టేషనో, ఏ అధికారో లేదు. మానుకోట నుంచి మా బావమరిది పంపినదాంట్లో పెంబర్తి బదులు కురవి ఉంది. భూపాలపల్లి మిత్రుడి మెసేజ్‌లో చెల్పూరు. దొంగలు ఎక్కడున్నారో తెలియదు గానీ మెసేజ్ మాత్రం మూడు జిల్లాలు తిరిగొచ్చింది.

నాకు మండింది. ఎందుకు మండిందో ఈ కాలమ్ చదివేవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. "మళ్లీ బైపాసు గోల ఎత్తుకుంటాడు" అని మీరనుకునేలోపే ఎత్తుకుంటున్నా. హైదరాబాదు రోడ్డు జనగామ నడిబొడ్డు నుంచి పోయినన్నాళ్లు, బండి ఆగిపోతే చుట్టూ పదిమంది చేరేవాళ్లు. సగంమందికి ఏమీ తెలియదు, అయినా తలా ఒక సలహా ఇచ్చేవాళ్లు. ఇప్పుడు నాలుగు వరుసల బైపాసు మీద నూరు వేగంతో పోతున్న కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. చెయ్యెత్తినవాడి ముఖం పోల్చుకునేసరికి అతను అద్దంలో వెనక్కి పోయి ఉంటాడు. జాలి కలిగేది ఆ తర్వాత. అప్పటికే వచ్చే ఎగ్జిట్ దాకా వెనక్కి తిరిగే దారి ఉండదు.

ఈ అనుమానం వాట్సాప్‌తో పుట్టింది కాదు లెండి. మంచి సమరయుడి కథ మన దగ్గర క్రైస్తవులు కానివాళ్లకూ తెలుసు. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ చర్చి నీడలో పెరిగినవాళ్లకైతే మరీ. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ని యాజకుడు, లేవీయుడు చూసీ చూడనట్టు పోయారు. వాళ్లను రాతిగుండెవాళ్లని తిట్టడం తేలిక. 1968 ఏప్రిల్ 3న, హత్యకు ముందురోజు రాత్రి, మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఇద్దరి పక్షాన కూడా కాస్త ఆలోచించాడు. భార్యతో కలిసి అద్దె కారులో ఆ కథ జరిగిన యెరికో దారిన పోయాడట. మలుపులు తిరిగిన దారి, మాటు వేయడానికి అనువైన చోటు. పడి ఉన్నవాడు నటిస్తున్నాడేమో, దొంగలు ఇంకా పక్కనే ఉన్నారేమో అని వాళ్లు భయపడి ఉండొచ్చు అన్నాడు. పెంబర్తి మెసేజ్ అక్కడ కూడా ఉందన్నమాట.

మా చిన్నబాపు లారీ డ్రైవరు. భూపాలపల్లి కేటీకే గనుల బొగ్గు తోలేవాడు. మిర్చి కాలంలో కేసముద్రం వైపు నుంచి ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు కొట్టేవాడు. తొంభైల నాటి మాట. పరకాల దాటాక పొద్దుగూకితే చెయ్యెత్తేది అన్నలో, పోలీసులో, దొంగలో, నిజంగా బండి చెడిపోయినవాడో తెలిసేది కాదు. "ఆపినా తంటనే, ఆపకున్నా తంటనే" అనేవాడు. అని, ఆపేవాడు.

అప్పుడు లారీ ఆగిపోతే వెనక పెట్టడానికి మెరిసే ఎర్ర త్రిభుజాలు ఎవరి దగ్గరున్నాయి? క్లీనరు దిగి చక్రాలకు రాళ్లు పెట్టి, పక్క చెట్టుకు నాలుగు కొమ్మలు విరిచి లారీ వెనక బారుగా వేసేవాడు. ఆ కొమ్మలు చూసి చిన్నబాపు సంగతి చెప్పేవాడు. పచ్చగా ఉంటే ఇప్పుడే ఆగింది, వాళ్లే చూసుకుంటారు. ఆకు వాడి ముడుచుకుంటే నిన్నటి బండి. క్రౌన్ పోయి ఉంటుంది, క్లీనరు దాన్ని గోనెలో చుట్టుకొని ఏదో లారీ ఎక్కి వరంగల్ ఆటోనగర్ పోయి ఉంటాడు, డ్రైవరు ఒక్కడే బండి కింద తువాల పరుచుకొని పడుకొని ఉంటాడు, తెచ్చుకున్న అన్నం అయిపోయి ఉంటుంది. వాడిన కొమ్మ కనపడితే చిన్నబాపు కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. బాగు చేయడానికి కాదు. నీళ్లిచ్చి, బీడీ ఇచ్చి, "క్లీనర్ పోరడు ఎప్పుడు పోయిండు?" అని అడిగి, దారిలో వాడు కనపడితే ఎక్కించుకుంటానని చెప్పి కదిలేవాడు. రిపేరై పోయేటప్పుడు రాళ్లు రోడ్డు మీదే వదిలేసే డ్రైవర్లను మాత్రం అమ్మనా బూతులు తిట్టేవాడు.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. పైసలు ఇచ్చేవాడు కాదు. డీజిల్ అయిపోయిందంటే డీజిల్, టైరు పోయిందంటే జాకీ, ఆకలంటే అన్నం. ఏది లేదంటే అది ఇవ్వాలి. పైసలిస్తే అవి దేనికి పోతాయో ఎవడు చూడొచ్చాడు?

బడి సెలవుల్లో నేను ఆయన పక్కన కూచున్న ఒక రాత్రి, తొర్రూరు ఇవతల తెల్ల అంబాసిడర్ ఆగి ఉంది. మొగుడు, పెళ్లాం, మూడేళ్ల పిల్ల. హిందీ కలిపిన తెలుగులో ఆయన కథ మొదలుపెట్టాడు: తీర్థయాత్రకు వచ్చాం, పర్సు పోయింది, డీజిల్ అయిపోయింది. చిన్నబాపు పూర్తిగా వినకుండానే క్యానూ పైపూ దించాడు. లారీ ట్యాంకులో పైపు పెట్టి నోటితో లాగి క్యాను సగం నింపాడు. "మూత తియ్యి" అన్నాడు. ఆయన నసిగాడు. "అంత కష్టమెందుకు అన్నా, ఓ రెండొందలిస్తే బంకులో పోయించుకుంటా." చిన్నబాపే పోయి మూత తిప్పి వంచాడు. రెండు గుక్కలు పట్టేసరికి డీజిల్ పొర్లి ఆయన చెప్పుల మీద పడింది. ట్యాంకు నిండుగా ఉంది.

కొడతాడనుకున్నా. కొట్టలేదు. క్యాను లారీలో పెట్టి, డాష్‌బోర్డు మీదున్న పల్లీల పొట్లం తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టి బండెక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది. దొంగలకు పల్లీలెందుకని అడిగితే, "దొంగలు వాళ్లు. పిల్ల ఆకలి దొంగది కాదు గదా" అన్నాడు.

ఇలాంటి కథ మన జిల్లాలోనే ఎప్పుడో రాసిపెట్టి ఉంది. పాలకుర్తి సోమన బసవపురాణంలో, బసవన్న జంగములకు అడిగిందల్లా ఇస్తాడని విని కొందరు వేషం కట్టుకొని వస్తారు. మెడలో కట్టుకోవడానికి లింగం ఎక్కడిది? వంకాయలు గుడ్డలో చుట్టి కట్టుకుంటారు. బసవన్న అనుమానించడు, మొక్కుతాడు. చివరికి విప్పి చూస్తే వంకాయలు లింగాలై ఉంటాయి. నాకు బసవన్న మహిమ కన్నా, ఆ గుడ్డ ముడి విప్పేటప్పుడు వాళ్ల చేతులు ఎంత వణికి ఉంటాయో అన్నదే ఎక్కువ గుర్తొస్తుంది.

ఇంతవరకు రాసి, "కాబట్టి ఆపండి, వంకాయైనా సరే" అని ముగిద్దామనుకున్నా. గాయపడ్డవాళ్ల విషయంలో ఆ మాట ఇప్పటికీ అంటాను. 108కు ఫోన్ చేయండి, ఆగండి. సాక్ష్యమని స్టేషన్ చుట్టూ తిప్పుతారన్న పాత భయానికి సుప్రీంకోర్టు 2016 మార్చి 30నే అడ్డం కొట్టింది. 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో 134ఏ సెక్షన్ అందుకే వచ్చింది. చిక్కంతా ఉత్తగా బండి చెడిపోయి నిలబడ్డవాళ్లతోనే.

రోడ్డు మోసాలను వరసగా తలుచుకుంటే ఒక సంగతి తడుతుంది. కారు కింద ఆయిల్ కారుతోందని చెప్పి, మనం బానెట్ ఎత్తేలోపు సీట్లో బ్యాగు మాయం చేస్తారు. కిందపడ్డ నోట్లు మీవేనా అని పిలిచి, మనం వంగేలోపు అదే పని. ముందు దొంగలున్నారు, గొలుసు తీసి కాగితంలో చుట్టుకో అని పోలీసు వేషంలో వచ్చి, తనే చుట్టి రాళ్ల పొట్లం చేతిలో పెడతాడు. వీటిలో ఏ ఒక్కదానిలోనైనా మన జాలితో పని ఉందా? నోట్ల మోసానికి మన ఆశ కావాలి, దొంగ పోలీసుకు మన భయం కావాలి. అంబాసిడర్ ఆయన లాంటివాళ్లు ఉంటారు, కాదనను. కానీ మోసగాడు ఎక్కువగా వచ్చేది సాయం అడగడానికి కాదు, సాయం చేయడానికి.

ఆ మాట రాశాక 2019 నవంబర్ 27 గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు. హత్యకు గురైన పశువైద్యురాలి స్కూటీ టైరులో గాలి తీసింది, బాగు చేయిస్తామని ముందుకొచ్చింది ఒకే మనుషులని పోలీసులు చెప్పారు. భయంగా ఉందని ఆమె చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. దిశ అని మనమందరం పిలుచుకున్న ఆ అమ్మాయి భయపడింది చీకటికి కాదు, ఆగినవాళ్లకు.

ఆగే మనకు ఏమవుతుందోనని ఇన్నాళ్లు తర్జనభర్జన పడ్డాం. పోతే ఒక బ్యాగు, రెండొందలు. నిలబడ్డ ఆడమనిషి వైపు నుంచి చూస్తే లెక్క వేరు. రాత్రి తొమ్మిదింటికి, వెలుగు లేని చోట, ఒక కారు వేగం తగ్గించి, కొద్దిగా దాటి, వెనక్కి వస్తుంది. అందులో నేనుంటాను, నా మంచితనం నాకు తెలుసు. ఆమెకు ఎలా తెలుస్తుంది?

మా అమ్మాయికి మానుకోటలో ఉద్యోగం. స్కూటీ మీద కురవి వైపు ఊళ్లు తిరుగుతుంది. ఆమెకు నేను చెప్పే జాగ్రత్త ఏమిటంటే, బండి ఆగితే ఎవరొచ్చి సాయం చేస్తానన్నా వద్దను, ఎంత మంచోడిలా కనపడినా సరే. అందరినీ ఆగమని కాలమ్‌లో గొంతు చించుకునేవాణ్ని, నా బిడ్డ దగ్గర మాత్రం ఎవరూ ఆగకపోతే బాగుండని కోరుకుంటున్నా. ఇప్పుడు నేనైతే రాత్రిపూట ఒంటరిగా నిలబడ్డ ఆడమనిషి కనపడితే దిగను. కాస్త దూరంలో లోపలి లైటు వేసి, "ఎవరికైనా ఫోన్ చేసినవా బిడ్డా?" అని అద్దం దించి అడుగుతా. వద్దంటే పోతా, పోయి ముందున్న కొమల్ల టోల్‌గేటులోనో బంకులోనో చెబుతా. హైవే అయితే 1033 ఉంది. చిన్నబాపుకు ఇది సాయంలా కనపడదు.

మా అమ్మాయి నా జాగ్రత్తలు విని నవ్వింది. ఆమె ఫోన్‌లో 'పంచర్ అన్న' అని ఒక నంబరు ఉంది. రోడ్డు పక్కన చెట్టుకు పాత టైరు వేలాడదీసి, నులక మంచం వేసుకున్న దుకాణం అతనిది. మొన్న పొద్దుగూకే వేళ ఆమె ఫోన్ చేస్తే ఒంటరిగా ఉన్నావా అనలేదు, భయపడకు చెల్లె అనలేదు, "ముందుదా, వెనుకదా?" అన్నాడు. ఊరికే చేసేవాడైతే ఎందుకు చేస్తున్నాడని ఆలోచించాల్సి వచ్చేది. ఇతను ఎందుకు వస్తాడో అందరికీ తెలుసు. ట్యూబ్‌లెస్ టైరుకు పంచర్ వేసి, వచ్చినందుకు కలిపి 200 తీసుకున్నాడు. మానుకోట రేటుకు అది ఎక్కువే. మా అమ్మాయి బేరమాడలేదు.