నాపరాతి నేలలో గాజుసామాను

పల్నాడులో బ్యూరెట్‌ను బోరునీళ్లతో కడిగి అలాగే ఆరబెడితే, తెల్లారేసరికి గాజుకు తెల్లటి గార పట్టి ఉంటుంది. ఈ ప్రాంతంలో చాలా మేర నేల అడుగున ఉన్నది సున్నపురాయి. మాచర్లలో 1958లో కేసీపీ సిమెంటు కర్మాగారం రావడానికీ, పిడుగురాళ్ల సున్నం బట్టీలకు పేరుపడడానికీ ఆ రాయే కారణం. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు రాతి పగుళ్లలోకి దిగి, కాల్షియం బైకార్బనేటుతో బరువెక్కుతుంది. నీరు ఆరగానే అది కార్బనేటుగా మారి గాజును పట్టుకుంటుంది. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. నోటికి ఇబ్బంది లేని ఆ నీరు కూడా గాజుపై మరక పెట్టగలదు.

నీటి కాఠిన్యాన్ని ఈడీటీఏతో కొలిచేటప్పుడు ఈ గార ఇంకా చికాకు పెడుతుంది. కోనికల్ ఫ్లాస్కు అడుగున మిగిలిన కాల్షియం కూడా లెక్కలోకి వచ్చి, నీరు ఉన్నదానికన్నా కఠినంగా తేలుతుంది. అందుకే కుళాయి నీటితో ఎంత కడిగినా, చివర్లో కొద్దికొద్దిగా మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్ తిప్పి పారబోయాలి. ఒకేసారి నిండా పోసి వంపేయడం కన్నా ఇదే మేలు, నీరూ తక్కువే ఖర్చవుతుంది.

పట్టిన గారను బ్రష్షుతో గీకకూడదు, గాజుపై గీతలు పడతాయి. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే సన్నని బుడగలు లేచి కరుగుతుంది. బుడగలు ఆగితే పని అయినట్టే. ఆమ్లాన్ని నీటిలో కలపాలి గానీ నీటిని ఆమ్లంలో పోయరాదు. కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పవు. బాత్రూం యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఒకే సింకులో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. పాత పుస్తకాలు మెచ్చుకున్న క్రోమిక్ ఆమ్లపు మిశ్రమాన్ని ఇప్పుడు వదులుకోవడమే మంచిది. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం.

గాజు శుభ్రమైందో లేదో నీరే చెబుతుంది. లోపలి గోడ మీద తెగని పొరలా జారితే శుభ్రం. చుక్కలు చుక్కలుగా నిలిస్తే జిడ్డు ఉన్నట్టు. దానికి ఆమ్లం కాదు, సబ్బునీళ్లు కావాలి. పర్మాంగనేటు వదిలిన గోధుమరంగు మరకకు మాత్రం ఆక్జాలిక్ ఆమ్లం మందు. కాస్టిక్ సోడాను రాత్రంతా బ్యూరెట్‌లో ఉంచితే గాజు కుళాయి బిగుసుకుపోతుంది. కొలత గాజును ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టడం ఇంకో అలవాటు. వేడికి వ్యాకోచించిన గాజు పాత కొలతకు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. బ్యూరెట్‌ను స్టాండుకు తలకిందులుగా బిగించి, కుళాయి తెరిచి ఉంచితే చాలు.

సిమెంటు పరీక్షల గదిలో మాత్రం తొందరే ముఖ్యం. ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంటు గట్టిపడడం మొదలుకావడానికి ప్రమాణం అడిగేది కనీసం 30 నిమిషాలు. అది బిగియకముందే, ఆ సమయాన్ని కొలిచే వికాట్ పరికరపు అచ్చునూ సూదినీ తుడవాలి. ఒక్కో పోటుకూ ఒకసారి తుడవడమే నియమం. సూది అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరే. దానికి ముద్ద అంటుకుని లావెక్కితే త్వరగా ఆగిపోతుంది, సిమెంటు అప్పుడే గట్టిపడినట్టు కనిపిస్తుంది. తడి సిమెంటు క్షారం కాబట్టి ఒట్టి చేతులతో పట్టరాదు.

త్రాసుకు నీరు తగలనివ్వరు. దాని శత్రువు దుమ్ము, సిమెంటు గదిలో మరీ ఎక్కువ. కరెంటు ఆపి, పళ్లెం తీసి, మెత్తని బ్రష్షుతో దులపాలి. నోటితో ఊదితే ఊపిరి తడి చేరి ధూళి లోపలికి పోతుంది. పళ్లెం తిరిగి పెట్టాక, మట్టం చూపే బుడగ నడిమధ్యకు వచ్చేలా త్రాసు కాళ్లు సర్ది, ప్రామాణిక బరువుతో ఒకసారి సరిచూసి తలుపు మూస్తారు.