పాత రివాల్వర్‌కు విలువ కట్టే పద్ధతి

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు లైనులో వేమూరు ఒక స్టేషను. ఆ లైను 1916లో పడింది. అంతకు అరవై ఏళ్ల ముందే బెజవాడ ఆనకట్ట కట్టి కృష్ణ నీళ్లు ఈ మాగాణికి తెచ్చారు. నీళ్ల వెంట వరి, వరి వెంట డబ్బు, డబ్బు వెంట మండువా లోగిళ్లు, ఇనప్పెట్టెలు వచ్చాయి. ఉన్నవాళ్ల ఇళ్లల్లో వాటి కాపలాకు లైసెన్సు తుపాకులూ చేరాయి. ఎక్కువ ఇళ్లల్లో ఉండేవి ఒంటి గొట్టం, జంట గొట్టాల తుపాకులు. అక్కడక్కడ ఒక రివాల్వర్. ఇప్పుడు ఆ లోగిళ్లు ఒక్కొక్కటిగా పడగొడుతున్నారు. పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు. అటక మీది భోషాణంలో పాత గుడ్డ చుట్టిన ఇనుప వస్తువు బయటపడితే ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎంత చేస్తుంది?

ఆ ప్రశ్నకు ముందు చట్టం ఉంది. వందేళ్ల నాటి తూటా కూడా పేలవచ్చు. అందుకని ట్రిగ్గర్ నొక్కి చూడటం, సిలిండర్ తిప్పి చూడటం పనికిరాదు. పెద్దాయన పేరున లైసెన్సు ఉండి ఆయన కాలం చేసి ఉంటే, ఆయుధాన్ని దగ్గరి పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో ఆలస్యం చేయకుండా డిపాజిట్ చేయాలని 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. రసీదు తీసుకుని, ఆ తర్వాత వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. “పాతదే కదండీ, దీనికి లైసెన్సెందుకు” అనేవాళ్లు ఊరూరా ఉన్నారు. 45వ సెక్షన్ పాత ఆయుధాలకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ బాగుచేసినా చేయకపోయినా పేలే అవకాశం లేని వాటికే అది వర్తిస్తుంది. స్ప్రింగు మారిస్తే పనిచేసే వెబ్లీ రివాల్వర్‌కు తుప్పు ఎంత పట్టినా ఆ మినహాయింపు దొరకదు. పైగా సైన్యం, పోలీసులు వాడే తూటాలు పట్టే బోర్లను ప్రొహిబిటెడ్ బోర్ అంటారు. వాటికి మామూలు లైసెన్సు చాలదు.

ఇంట్లోవాళ్లు తరచు చేసే ఇంకో పని, బయటపడగానే ఉప్పు కాగితంతో తోమడం. నన్నడిగితే దొంగతనం కంటే ఇదే పెద్ద నష్టం. పోయిన వస్తువు ఏనాటికైనా దొరకవచ్చు. అరిగిపోయిన ముద్ర మళ్లీ రాదు.

రివాల్వర్‌ను గుర్తించడం ముద్రలతో మొదలవుతుంది. వ్యాపారి దగ్గర తూటాలు తీయించి ఖాళీ అని తేల్చుకున్నాక, టార్చిని పక్కవాటంగా పట్టి వెలుగు ఏటవాలుగా పడేలా చూడాలి. అచ్చు కొట్టిన రోజు అక్షరం అంచు పదునుగా ఉంటుంది. చుట్టూ లోహం వెంట్రుకవాసి ఉబికి కనిపిస్తుంది. ఎవరైనా చక్రం మీద సానపట్టి ఉంటే ఆ ఉబుకు పోయి, అంచులు జారి, అక్షరం చిన్న పళ్లెంలో కూర్చున్నట్టు ఉంటుంది. స్క్రూ రంధ్రాల అంచులూ అలాగే పల్లంగా వాలిపోతాయి. చదరంగా ఉండాల్సిన మూలలు గుండ్రబడతాయి. తళతళలాడే నికెల్ పూత కింద తుప్పు తిన్న గుంటలు కనిపిస్తే, పూత ఫ్యాక్టరీలో పడలేదని తేలిపోతుంది. ముందు తుప్పు పట్టింది, ఆ తర్వాత ఎవరో పూత వేయించారు.

గొట్టం మీద కనిపించే పేరు చేసినవాడిదే కానక్కర్లేదు. మద్రాసు పి. ఆర్ అండ్ సన్స్ గడియారాలతో పాటు తుపాకులూ అమ్మేది. కలకత్తాలో మాంటన్, రొడ్డా కంపెనీలు అమ్మేవి. వాళ్ల పేరు చెక్కిన రివాల్వర్ బర్మింగ్‌హామ్‌లో తయారై ఉండవచ్చు, బెల్జియంలోని లియేజ్‌లోనూ తయారై ఉండవచ్చు. ఆ తేడా చెప్పేవి పరీక్ష ముద్రలు. ఎక్కువ మందు దట్టించి కాల్చి, పగలకుండా నిలిచిన గొట్టానికే ఆ ముద్ర కొట్టేవారు. కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ ఎల్ జి అనే రోమన్ అక్షరాలుంటే అది లియేజ్‌ది. 1893 తర్వాత ఆ గుడ్డు మీద కిరీటం కూడా చేరింది. కిరీటం కింద బి పి, బి వి అక్షరాలు బర్మింగ్‌హామ్‌వి. ‘ఇంగ్లీషు తయారీ కాదు’ అని అర్థం వచ్చే మాటలు గొట్టం మీదే కొట్టి ఉంటే, విదేశీ తుపాకీని 1904కూ 1925కూ మధ్య ఇంగ్లండులో పరీక్షించారన్నమాట. బాణం గుర్తు ప్రభుత్వ ఆస్తికి కొట్టేది. దాని కింద ఐ అక్షరం ఉంటే అది ఇండియా సర్కారుది. అలాంటిది ఇంట్లోకి ఎలా వచ్చిందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

ఇక మార్పుల సంగతి. పాత రివాల్వర్‌కు మార్పు జరిగిందనగానే విలువ పోయిందని తేల్చేస్తారు. అది తప్పు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారన్నది చూడాలి.

1851లో రాబర్ట్ ఆడమ్స్ లండన్‌లో పేటెంటు తీసుకున్న రివాల్వర్‌కు తూటాలుండేవి కావు. సిలిండర్ గదుల్లో మందు, గుండు విడివిడిగా దట్టించి, వెనక రాగి టోపీ తగిలించాలి. 1856లో బోమాంట్ మెరుగుపరచిన ఈ రకమే 1857 తిరుగుబాటులో చాలామంది ఇంగ్లీషు అధికారుల నడుముకు వేలాడింది. 1868 నాటికి రేకు తూటా వచ్చింది. సైన్యం చేతిలోనేమో పాత రివాల్వర్లు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటిని పారేయకుండా కొత్త సిలిండర్ వేసి, వెనక చిన్న తలుపు పెట్టి, కాల్చిన గుల్లను బయటికి తోసే కడ్డీ బిగించి .450 తూటాకు మార్చారు. అమెరికాలోనూ ఇదే కథ. వెనక దాకా తొలిచిన సిలిండర్‌పై 1855లో రోలిన్ వైట్ తీసుకున్న పేటెంటు 1869 దాకా కోల్ట్ కంపెనీ చేతులు కట్టేసింది. గడువు తీరాక కోల్ట్ తన పాత మోడళ్లను వేల సంఖ్యలో తూటాలకు మార్చి అమ్మింది. ఈ మార్పులు చేసినవి ఇప్పుడు సేకర్తలు ప్రత్యేకంగా వెతికి కొనే రకాలు. ఒక యుగం పోయి ఇంకో యుగం వచ్చిన సంధి వాటి మీద కళ్లకు కడుతుంది.

ఇంకో ఉదాహరణ కాలంలో మనకు దగ్గరిది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్ కొన్నింటికి హ్యామర్ మీద బొటనవేలు ఆనించే కొన ఉండదు. చూసినవాళ్లు విరిగిందనుకుంటారు. నిజానికి 1938లో వచ్చిన మోడల్‌కే అది లేదు. యుద్ధ ట్యాంకుల్లోని ఇరుకులో తగులుకోకుండా తీసేశారని చెబుతారు. పాతవాటిని కూడా మరమ్మతుకు వచ్చినప్పుడు అలాగే మార్చి, మార్కు పక్కన ఒక నక్షత్రం కొట్టారు. నక్షత్రం ఉంటే అది ప్రభుత్వమే చేసిన మార్పు. నక్షత్రం లేకుండా ఆకురాయి గీతలు కనిపిస్తే ఎవరో సొంతంగా కోసిన పని.

మన దేశంలో మార్పుల వెనక చాలాసార్లు చట్టమే ఉంది. 1907లో .450 బోర్‌ను ఇండియా, సూడాన్‌లలో నిషేధిస్తే ఇంగ్లీషు కంపెనీలు .470 లాంటి కొత్త బోర్లు పుట్టించాయి. ఇషాపూర్ ఫ్యాక్టరీలో .303 రైఫిళ్ల గొట్టాలు తొలిచి, ఒక్కో తూటాయే పట్టే .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు ఇచ్చారు. ఆ తుపాకీ ఎవరి చేతికైనా చిక్కితే సైన్యం తూటా అందులో పనికిరాకూడదని ఆ ఏర్పాటు. సర్కారుకు జనం మీద ఉన్న అనుమానం ఆ గొట్టం లోపల కనిపిస్తుంది.

విలువ చెడగొట్టే మార్పులు వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో వెబ్లీ .455 రివాల్వర్ల సిలిండర్ వెనక భాగం చెక్కేసి, సులువుగా దొరికే .45 పిస్తోలు తూటాలు పట్టేలా చేసి అమ్మారు. ఆ తూటా పీడనం ఆ రివాల్వర్ తట్టుకోవాల్సిన దానికంటే ఎక్కువ. కాలిస్తే ప్రమాదం, దాచుకుందామన్నా అసలు కొలత పోయింది. స్మిత్ అండ్ వెసన్ యుద్ధకాలపు రివాల్వర్ల గదులను లోతుగా తొలవడం కూడా అలాంటి సంతబేరమే. గొట్టం పొట్టిగా కోయడం మరీ అన్యాయం. ముందు కొన నునుపు చూడండి, గురి చూసే ముక్క అతికిన తీరు చూడండి, దొరికిపోతుంది. అప్పుడు సిలిండర్ మీది నంబరు, ఫ్రేము మీది నంబరు ఒకటో కాదో చూడాలి. రెండు తుపాకుల ముక్కలు కలిపి ఒకటి చేసిన సందర్భాలు తక్కువేం కాదు.

నంబరు ఎంత పని చేస్తుందో చెప్పడానికి భగత్ సింగ్ పిస్తోలును మించిన సాక్ష్యం లేదు. 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్‌ను కాల్చిన ఆ .32 కోల్ట్ ఆటోమేటిక్ కేసు ముగిశాక ఫిల్లౌర్ పోలీసు శిక్షణ కేంద్రానికి చేరింది. అక్కడి నుంచి 1969లో ఇండోర్‌లోని బీఎస్ఎఫ్ ఆయుధ పాఠశాలకు పోయింది. తుప్పు పట్టకుండా నల్లరంగు పూశారు. అలా మిగతా పిస్తోళ్ల మధ్య మామూలు వస్తువై దశాబ్దాలు ఉండిపోయింది. 2016లో రికార్డుల ఆధారంగా వెతికి, రంగు గీకి చూస్తే 168896 అనే నంబరు బయటపడింది. ఇప్పుడది పంజాబులోని హుస్సేనీవాలా మ్యూజియంలో ఉంది. ఆ రంగు వేసే ముందు ఎవరైనా సానపట్టి ఉంటే ఆ పిస్తోలు మనకు ఎప్పటికీ దొరికేది కాదు.

ధర దగ్గరికి వస్తే, ఇనుముకు పలికేది కొంతే. చిత్రకారుడు వాన్ గో తనను తాను కాల్చుకున్నదని నమ్ముతున్న లెఫోషో రివాల్వర్ పొలంలో దొరికింది, పూర్తిగా తుప్పు తినేసింది. 2019లో పారిస్ వేలంలో 1,62,500 యూరోలు పలికింది. కవి వెర్లేన్ తన మిత్రుడు రాంబోను కాల్చిన రివాల్వర్ 2016లో 4,34,500 యూరోలకు పోయింది. అమెరికా బందిపోటు బిల్లీ ది కిడ్‌ను చంపిన షెరీఫ్ గారెట్ కోల్ట్‌కు 2021లో 60 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. ఆ మోడళ్లు ప్రపంచంలో ఇంకా బోలెడన్ని ఉన్నాయి. డబ్బు పలికింది వాటి వెనక ఉన్న చరిత్రకు. మన దేశంలో అమ్మకం లైసెన్సున్నవారి మధ్యే జరగాలి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువును సొంతంగా విదేశానికి పంపడానికి 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. కాబట్టి విదేశీ వేలం ధరలు చూసి వేమూరులో లెక్కలు వేసుకోవడం అనవసరం.

పొలం కొనేవాడు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే రివాల్వర్‌కూ కాగితాలు అడగాలి. ఈ ప్రాంతంలో అవి ఎక్కడ వెతకాలో తెలియక చాలామంది వదిలేస్తారు. వేమూరు 1904 దాకా మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో ఉండేది, ఆ తర్వాత గుంటూరు జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో. లైసెన్సు పుస్తకం మీద జిల్లా పేరును బట్టే కాగితం వయసు తెలుస్తుంది. పుస్తకంలో తయారీదారు పేరు, బోరు, నంబరు రాసి ఉంటాయి. ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించినప్పటి రసీదులూ ఉండవచ్చు. 

కుటుంబం ఉంచుకోలేకపోతే, విజయవాడ బాపూ మ్యూజియంలో, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత ఆయుధాలున్న గదులున్నాయి. వాళ్లను అడగబోయే ముందు నంబరు, ముద్రల ఫొటోలు, లైసెన్సు పుస్తకం నకలు, కొన్న రసీదు దొరికితే అదీ ఒకే కవరులో పెట్టుకోవాలి. తాత దాన్ని ఎవరి దగ్గర, ఏ సంవత్సరంలో తీసుకున్నాడో ఇంట్లో తెలిసిన పెద్దలుంటే వాళ్ల చేత రాయించి, కింద సంతకం, తేదీ వేయించాలి. తోమకుండా, కొంచెం నూనె రాసిన మెత్తటి గుడ్డలో చుట్టి ఉంచమని డిపాజిట్ తీసుకున్న వ్యాపారికి చెప్పాలి.