‘సుఖప్రసవం’ నుండి ‘నొప్పి లేని ప్రసవం’ దాకా: ఎపిడ్యూరల్ పద్ధతుల తులన – పదవిమర్శ

వ్యాససంగ్రహం: ప్రసవవేదన నుండి ఉపశమనం కలిగించే ఎపిడ్యూరల్ ప్రక్రియ ఒకటే అయినా, మందును అందించే పద్ధతులు అనేకం. ఈ భేదాన్ని ‘నొప్పి లేని ప్రసవం’ అనే ప్రచారపదం మరుగుపరుస్తున్నది. ఆ పద్ధతులను తులనాత్మకంగా పరిశీలించి, వాటిని చెప్పే తెలుగు మాటల్లో గర్భిణికి ఏ స్థానం దక్కుతున్నదో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రసవవేదన, ఎపిడ్యూరల్, సుఖప్రసవం, వైద్యపరిభాష, స్త్రీవాద విమర్శ.

1. ఉపోద్ఘాతం

కాన్పును తెలిపే తెలుగు మాటలు చాలావరకు నొప్పిని దాటవేస్తాయి. ‘నీళ్లాడింది’, ‘పురుడు పోసుకుంది’ అన్నప్పుడు ఫలితమే వినిపిస్తుంది. శస్త్రచికిత్స లేకుండా బిడ్డ పుడితే, తల్లి ఎన్ని గంటలు విలవిలలాడినా అది ‘సుఖప్రసవమే’. ఆ సుఖం ఎవరిదన్న ప్రశ్న పుట్టదు. ‘పురుడంటే పునర్జన్మ’ అన్న నానుడి వేదనను గుర్తిస్తుంది గాని, దానిని తప్పనిసరి చేస్తుంది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ వంటి కవితలతో స్త్రీవాద కవిత్వం ఈ వేదనను సాహిత్యవస్తువుగా నిలిపింది. వేదనను గుర్తించిన విమర్శకు, ఉపశమనం పేరిట వచ్చిన మాటలను పరీక్షించే బాధ్యత కూడా ఉంది.

2. చారిత్రక నేపథ్యం

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ ప్రసవంలో ఈథర్‌ను, తరువాత క్లోరోఫామ్‌ను వాడాడు. మతపరమైన అభ్యంతరాలకు సమాధానంగా అదే ఏడాది ఒక రచన ప్రకటించాడు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో క్లోరోఫామ్ తీసుకున్నది. స్పృహను తగ్గించకుండా నొప్పిని తగ్గించే మార్గం తరువాతిది. 1921లో స్పెయిన్‌కు చెందిన ఫిడెల్ పాహెస్ నడుము భాగంలో ఎపిడ్యూరల్ విధానాన్ని ప్రకటించాడు. సన్నని గొట్టాన్ని లోపలే ఉంచి, మందును మళ్లీమళ్లీ ఇచ్చే వీలు కలిగిన తరువాత ‘ఎలా ఇవ్వాలి’ అన్న ప్రశ్న ముఖ్యమైంది.

3. పద్ధతుల తులన

మొదటిది, అవసరమైనప్పుడల్లా సిబ్బంది మందు ఎక్కించే పద్ధతి. మందు ప్రభావం తగ్గగానే నొప్పి తిరిగి వస్తుంది. గర్భిణి పిలవాలి, ఎవరైనా రావాలి. రెండవది పంపు ద్వారా ఎడతెగక ఎక్కించే పద్ధతి. ఉపశమనం నిలకడగా ఉంటుంది గాని, మొత్తం మందు పరిమాణం పెరిగి కాళ్లు బరువెక్కే అవకాశం ఎక్కువ. మూడవ పద్ధతిలో గర్భిణి చేతికే మీట ఇస్తారు. నొప్పి వచ్చినప్పుడు ఆమే నొక్కుతుంది. నిర్ణీత వ్యవధి గడిచేదాకా రెండో మోతాదు విడుదల కాకుండా యంత్రానికి కట్టడి ఉంటుంది. నాల్గవది, నిర్ణీత వ్యవధుల్లో పంపే ఒక్కసారిగా మోతాదును నెట్టే పద్ధతి. ఆ ఒత్తిడికి మందు మరింత విస్తరిస్తుందని భావిస్తారు. తరచు దీనికి మూడవ పద్ధతిని జతచేస్తారు.

మోతాదు గాఢత కూడా కీలకమే. 2001లో లాన్సెట్ పత్రికలో వెలువడిన బ్రిటన్ అధ్యయనం ‘కామెట్’ 1,054 మంది తొలిచూలు గర్భిణులను పరిశీలించింది. పాత గాఢమైన మోతాదు పద్ధతిలో పరికరాల సాయం లేని సహజ ప్రసవాలు సుమారు 35 శాతం కాగా, తక్కువ గాఢత పద్ధతుల్లో సుమారు 43 శాతం. అంటే ‘ఎపిడ్యూరల్ మంచిదా?’ అన్న ప్రశ్నకు ‘ఏ పద్ధతిలో?’ అన్న ఎదురుప్రశ్న లేకుండా సమాధానం లేదు.

4. క్రియల్లో అధికారం

‘ఆమెకు ఎపిడ్యూరల్ ఇచ్చారు’ అన్న వాక్యంలో కర్త వైద్యవర్గం. ఆమె ‘కు’ ప్రత్యయంతో స్వీకర్తగానే నిలుస్తుంది. మొదటి రెండు పద్ధతులకు, నాల్గవదానికి ఈ వాక్యం సరిపోతుంది. మూడవదానికి చాలదు. అక్కడ ‘ఆమె నొక్కింది’ అనవలసి వస్తుంది. మందు మోతాదుకు ఆమె నొప్పే కొలమానం, ఆమె చేయే నిర్ణేత. స్త్రీవాద కవిత్వం కోరిన సాక్ష్యస్థానం యంత్రంలో, పరిమితంగానైనా, అమరింది. అది భాషలోకి మాత్రం రాలేదు.

‘వెన్నులో మత్తు’ అన్న వాడుకదీ ఇదే లోపం. వెన్నుద్రవంలోకి ఒక్కసారి ఇచ్చే స్పైనల్‌ను, గొట్టం ద్వారా కొనసాగే ఎపిడ్యూరల్‌ను అది ఒకటిగా చూపుతుంది. ‘మత్తు’ అనగానే స్పృహ పోతుందన్న శంక కలుగుతుంది. నిజానికి తల్లి మెలకువలోనే ఉంటుంది.

5. ‘నొప్పి లేని’ అన్న వాగ్దానం

తక్కువ గాఢత పద్ధతుల్లో నొప్పి తగ్గుతుంది గాని, ఒత్తిడి, బిగువు తెలుస్తూనే ఉండవచ్చు. రక్తపోటు తగ్గడం, దురద, జ్వరం, అరుదుగా తీవ్రమైన తలనొప్పి కలగవచ్చు. రక్తం గడ్డకట్టే స్వభావంలో లోపమున్నవారికి ఇది తగకపోవచ్చు. ‘లేని’ అన్న మాట ఇవన్నీ చెరిపేస్తుంది. వాగ్దానం పూర్తిగా నెరవేరని స్త్రీ, లోపం తన శరీరానిదే అనుకునే ప్రమాదం ఉంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశ సగటు 21.5 శాతం. కారణాలు అనేకం. అయితే నొప్పి లేదా కోత అన్న రెండు దారులే మాటల్లో మిగిలిన చోట మూడవ దారిని సరిగా చెప్పడం భాషాధర్మం. ఎపిడ్యూరల్ వల్ల సిజేరియన్లు పెరుగుతాయన్న భయాన్ని 2018 కాక్రేన్ సమీక్ష సమర్థించలేదన్న సంగతి కూడా ఆ చెప్పడంలో భాగం కావాలి.

6. ముగింపు

‘సుఖప్రసవం’ లేని సుఖాన్ని ఆరోపిస్తుంది. ‘నొప్పి లేని ప్రసవం’ ఉన్న నొప్పిని నిరాకరిస్తుంది. రెండింటిలోనూ స్త్రీ అనుభవానికి చోటు లేదు. ‘నొప్పి తగ్గించే ప్రసవసేవ’ అన్న మాట మరింత నిజాయితీ గలది. పద్ధతుల పేర్లుగా ‘పిలిస్తే ఇచ్చేది’, ‘ఎడతెగక ఎక్కేది’, ‘తానే నొక్కుకునేది’, ‘విడతలుగా ఎక్కేది’ వంటి తేట తెలుగు మాటలు ఆసుపత్రి అంగీకారపత్రాల్లోకి రావాలి. తనకేమి జరగబోతున్నదో తన భాషలో తెలియని సంతకం అంగీకారం కాదు.